గొలుసు కట్టిన జల్లెడ

ఓల్షోవా,
ఫిబ్రవరి మొదటి వారం

బ్రోన్కా అక్కకు,

యేసుకు స్తోత్రం. నేను బాగున్నాను. మోకాలు బాగాలేదు. చలి ఇంకా తగ్గలేదు.

ఒక పని పడి రాస్తున్నాను. మే నెలలో, మంటలార్పేవాళ్ళని కాచే సెయింట్ ఫ్లోరియన్ పండగనాటికి మన ఊరి అగ్నిమాపక దళానికి నూరేళ్ళు నిండుతాయి. దళం చరిత్ర రాయమని లెషెక్ నాకు చెప్పాడు. లెషెక్ అంటే డ్రాబిక్ వాళ్ళ చిన్నోడు. ఇప్పుడు దళపెద్ద వాడే. రెండు పేజీలు చాలన్నాడు. పండగనాడు గుడి ముందు వేదిక ఎక్కి నేనే చదవాలట. నావల్ల కాదన్నాను. నువ్వు రోజంతా దళం షెడ్డులోనే ఉంటావు కదా బాబాయ్, నీకు తెలియంది ఎవరికి తెలుసు అన్నాడు. షెడ్డులో ఉండేవాడికి బండి సంగతి తెలుస్తుంది గానీ వేదిక సంగతి ఎలా తెలుస్తుంది.

మొదలు రాశాను. గడ్డి ఇళ్ళ వరుసంతా తగలబడ్డాక అప్పటి ఫాదరు దళం పెట్టించారని, ఇంటికో పెద్దబాతు అమ్మి చేత్తో కొట్టే పంపు బండి కొన్నారని రాశాను. యుద్ధంలో జర్మన్లు పట్టుకుపోకుండా ఆ బండిని చక్రాలతో సహా చెరువులో ముంచి దాచారని రాశాను. తర్వాత మోటారు పంపు వచ్చింది. తర్వాత ఆ వేసవి వచ్చింది. జిల్లా దళాల పోటీల్లో కప్పు గెలిచిన వేసవి. అక్కడ కలం ఆగింది.

అప్పటినుంచి లేస్తున్నా, కూర్చుంటున్నా. కిటికీ దాకా వెళ్తున్నా, వస్తున్నా. ఆ రోజు నేను మేనత్త ఊళ్ళో ఉన్నాను. పన్నెండేళ్ళవాణ్ణి. చూడలేదు. నువ్వు చూశావు. రాస్తావా?

తమ్ముడు,
జెనోన్


వూచ్,
ఫిబ్రవరి చివర

ఒరే జెనెక్,

క్రిస్మస్ కార్డు మీద సంతకం తప్ప ఏళ్ళ తరబడి నీ అక్షరం చూడలేదు. ఇప్పుడు ఉత్తరం వచ్చిందని కళ్ళజోడు తుడుచుకుని కూర్చుంటే, మోకాలికి ఒక మాట, చలికి ఒక మాట, మిగతాదంతా పంపుకి. అక్క ఎలా ఉందో అడగడానికి కాగితం చాలలేదా? నాన్న పోలికే. ఆయనకు రాసే అలవాటుంటే ఇలాగే రాసేవాడు.

అడక్కపోయినా చెప్తాను. బాగానే ఉన్నాను. కూర్చుంటే మాత్రం కాలు ఊరుకోదు. మడమ నేలకేసి కొట్టుకుంటూనే ఉంటుంది. కింది వాటా ముసలాయన చీపురుకర్రతో పైకప్పు పొడుస్తాడు. ఇన్నేళ్ళు మగ్గాల చప్పుడులో పనిచేశారు కదా, అదే కాలికి పట్టుకుందంటుంది డాక్టరమ్మ. మిల్లు మొహం చూడకముందు నుంచే ఉందమ్మా అన్నాను. నమ్మలేదు.

ఇక నీ చరిత్ర. కప్పు గెలిచాం అని రాయి. అబద్ధం కాదు కదా. బ్యాండు వాయిస్తారు, అందరూ చప్పట్లు కొడతారు, సాసేజీలు తింటారు. నన్నెందుకు కదుపుతావు? అంతగా కావాలంటే గెనోవెఫాని అడుగు. ఆ రోజు నాతోపాటే ఉందది. దాని నోరు ఇంకా పనిచేస్తోందా?

బ్రోన్కా


ఓల్షోవా,
మార్చి మధ్యలో

అక్కా,

నువ్వు ఎలా ఉన్నావని అడగలేదు. తప్పే. ఎలా ఉన్నావు?

ఇక్కడ ఎండుగడ్డి కాల్చే రోజులు. కాల్చొద్దని ఏటా చెప్తాం, ఏటా కాలుస్తారు. నేల బలుస్తుందట. గాలి తిరిగితే మంట అడివి అంచుకి పోతుంది. రోజూ సైరన్ మోగుతోంది. అరవై ఐదు దాటినవాణ్ణి, బండి ఎక్కనివ్వరు. గేటు తీస్తాను. వాళ్ళు పోతారు. తిరిగొచ్చేదాకా గేటు నుంచి చెరువుకి, చెరువు నుంచి గేటుకి నడుస్తాను. లెషెక్‌కి ఒక కనుబొమ్మ కాలిపోయింది. చెడ్డవాడు కాదు. నిద్ర లేదు వాడికి.

గెనోవెఫా దగ్గరికి వెళ్ళాను. పని చేస్తోంది, నోరు. ఆ రోజు సంగతి చెవిలో చెప్పాలా, గుడి మైకులో చెప్పాలా అంది. కాసేపు నవ్వి, ఆపేసింది. ముందు పంపు పిడి పట్టుకుంది మీ అక్క, ముందు మాట కూడా దాన్నే చెప్పమను అంది. ఆవిడ కోడలు పాల లారీ నడుపుతుంది. ఆ పిల్ల దళంలో చేరతానంటే లెషెక్ చూద్దాంలే అంటున్నాడు.

నాకు తెలిసినంత మేర ఆ వేసవి అగ్నిప్రమాదం గురించి నాలుగు ముక్కలు రాసి లెషెక్‌కి చూపించాను. పెన్సిలుతో కొట్టేశాడు. పండగపూట కాలిన ఇళ్ళెందుకు బాబాయ్ అన్నాడు. అటక మీద ఆ కప్పు దొరికిందట. అందులో ఉన్న మేకులు పారబోసి తోమి తెచ్చాడు. వేదిక మీద పెడతాడట.

ఇంకొకటి. ఆ రోజు పెద్ద బండి, చిన్న వ్యాను రెండూ గుడి ముందు వరుసలో ఉండాలట, ఫాదరు పవిత్రజలం చల్లడానికి. షెడ్డు దగ్గర ఎవరూ కూర్చోనక్కర్లేదట. పక్క ఊరి దళానికి ఫోను చేసి చెప్తే చాలట. ఇది నాకు మింగుడు పడటం లేదు.

జెనోన్


వూచ్,
మార్చి చివర

ఒరే జెనెక్,

నీ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో మర్చిపోయి తిరిగొచ్చాను. మళ్ళీ చదివాను. పెన్సిలుతో కొట్టేశాడన్న చోట ఇక ఆగలేకపోయాను. రాసుకో.

ఆగస్టు ఆదివారం. మగాళ్ళంతా జిల్లా పోటీలకు పోయారు. దళానికి అప్పుడు నాన్నే పెద్ద. ఆ పోటీల్లో పరుగుకే కాదు, సామాను లోటు లేకుండా మెరుస్తున్నందుకు కూడా మార్కులుండేవి. అందుకని మోటారు పంపుతోపాటు గొట్టాలన్నీ పట్టుకెళ్ళారు. కొక్కేలు, నిచ్చెనలు, బకెట్లు, ఒక్కటి మిగల్చలేదు. పంపు చెరువులోంచి నీళ్ళు పీల్చే గొట్టం మూతికి జల్లెడ ఉంటుంది కదా, చెత్త లోపలికి పోకుండా. మోటారు పంపు జల్లెడకి సొట్ట ఉంది, మార్కు పోతుందని పాత పంపు బండికున్న ఇత్తడి జల్లెడ ఊడదీసి అదీ పట్టుకెళ్ళారు. దాన్ని తోమింది ఎవరనుకున్నావు? నేనే. శనివారం సాయంత్రం, బూడిద పెట్టి. నాన్న చూసి, ఇందులో ముఖం చూసుకోవచ్చు అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకున్నది నాకు గుర్తున్నంతలో అదొక్కసారే.

మధ్యాహ్నం కింది వీధి చివర గడ్డి కొట్టం అంటుకుంది. పరిగెత్తుకెళ్ళి షెడ్డు తలుపు తీస్తే ఏముంది? గోడల నిండా ఖాళీ మేకులు. మధ్యలో పాత పంపు బండి, దాని పీల్చే గొట్టం మాత్రం దానికే ఉంది. నేను, గెనోవెఫా, ఇంకో ఆరుగురు ఆడవాళ్ళం. దాన్ని చెరువు దాకా లాగాం. చిరిగిందని మూల పడేసిన గొట్టం ముక్క ఒకటి దొరికింది. చిరుగుకి నా తలగుడ్డ చుట్టాను. పీల్చే మూతికి జల్లెడ బదులు అమ్మ ఉల్లిపాయల బుట్ట కట్టాను. ఇటు ముగ్గురు, అటు ముగ్గురు, గొట్టం దగ్గర ఇద్దరు. పిడి పైకి, కిందికి. అరచేతుల్లో చర్మం కర్రకి అంటుకుపోయింది. గొట్టం ఎంత దూరం చేరితే అంత దూరం తడిపాం. కింది వీధి పోయింది, తొమ్మిదిళ్ళు. పై వీధి, గుడి నిలిచాయి. చివరికి బుట్ట విడిపోయింది, బురద లోపలికి పోయింది, పంపు కరకరమంది, కడ్డీ వంగి ఆగిపోయింది. అప్పటికి గాలి తిరిగింది కాబట్టి బతికాం.

సాయంత్రం మగాళ్ళొచ్చారు. గుట్ట అవతల పాడుకుంటూ వస్తున్న చప్పుడు వినిపించింది. గుట్ట ఎక్కాక వినిపించలేదు. నాన్న బండి దిగాడు, చంకలో కప్పు. తిన్నగా పంపు దగ్గరికి వచ్చాడు. వంగిన కడ్డీ మీద చెయ్యి వేశాడు.

"ఎవరు పాడు చేశారు దీన్ని?" అన్నాడు.

అంతే. నా చేతుల వంక చూడలేదు. నేనే అన్నాను. చలికాలం రాకముందే మిల్లు పనికి వూచ్ రైలెక్కాను. అమ్మని పూడ్చిన రోజు వచ్చాను, ఆయన్ని పూడ్చిన రోజు వచ్చాను, సాయంత్రం బస్సుకి వెళ్ళిపోయాను. ఆ షెడ్డు గడప మాత్రం తొక్కలేదు.

అది సరే గానీ, పండగనాడు షెడ్డు దగ్గర ఎవరూ కూర్చోనక్కర్లేదన్నాడని నువ్వెందుకు గింజుకుంటున్నావు? మగాళ్ళు ఊరేగింపుకి పోతే షెడ్డు దగ్గర ఎవరు కూర్చున్నారు గనక, ఎప్పుడైనా?

బ్రోన్కా


ఓల్షోవా,
ఈస్టరు అయిన వారం

అక్కా,

నీకు తెలుసనుకున్నాను. ఊరందరికీ తెలిసిన సంగతి ఎవరూ ఉత్తరంలో రాయరు. రాయాల్సింది.

ఆ చలికాలమంతా నాన్న షెడ్డులోనే ఉన్నాడు. కమ్మరి చేత కొత్త కడ్డీ చేయించి పంపు బాగుచేశాడు. ఆ ఇత్తడి జల్లెడని దాని మూతికి తిరిగి బిగించాడు. బిగించి, గొలుసు వేసి, ఎవరూ ఊడదీయకుండా రివెట్లు కొట్టాడు. ఇప్పటికీ అలాగే ఉంది. బడిపిల్లలు చూడ్డానికి వచ్చినప్పుడు అడుగుతారు, జల్లెడని ఎవరెత్తుకుపోతారు తాతా అని.

పెద్దరికం వదిలేశాడు. దళం వదల్లేదు. మళ్ళీ పోటీలకి పోలేదు. ఊరేగింపులకి పోలేదు. ఈస్టరు ముందు గుడిలో యేసు సమాధి దగ్గర మన దళంవాళ్ళు ఇత్తడి టోపీలు పెట్టుకుని కాపలా నిలబడతారు కదా, దానికీ పోలేదు. నా పెళ్ళికి గుడి మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్ళాడు. అందరూ ఎక్కడికైనా పోయిన రోజు ఆయన షెడ్డు తలుపులు తీసి, గొట్టాలు బిగించి, గుమ్మంలో బల్ల మీద కూర్చునేవాడు. కప్పులో మేకులు వేసుకున్నది ఆయనే. ఊళ్ళో నవ్వేవాళ్ళు. దేవుడే గుడికి దిగి వచ్చినా నువ్వు షెడ్డులోనే కూర్చుంటావా ఇగ్నాత్సీ అనేవాళ్ళు.

"ఆయనకి ఇక్కడికి కూడా దారి తెలుసు," అనేవాడు.

ఆయన పోయాక నేను కూర్చుంటున్నాను. నాకు బాగానే ఉంది. ఎవరితో మాట్లాడక్కర్లేదు. షెడ్డు గోడ నిండా పండగల ఫొటోలు. ఏ ఒక్కదాంట్లోనూ నేను లేను. ఆ వేసవి తర్వాతవాటిలో నాన్న లేడు. దళంలో కొత్తవాళ్ళకి ఇది ఎందుకు మొదలైందో తెలియదు. ముసలివాళ్ళ చాదస్తం అనుకుంటారు.

నీ గురించి ఏమైనా అన్నాడా అని అడుగుతావు. అనలేదు. నాతో కూడా ఏమీ అనేవాడు కాదు.

జెనోన్


వూచ్,
ఏప్రిల్

జెనెక్,

కింది ముసలాయన ఈసారి చీపురుకర్ర వాడలేదు. తనే మెట్లెక్కి వచ్చాడు. అమ్మా, తమరీ వయసులో నాట్యం నేర్చుకుంటున్నారా అని అడిగాడు. అవునన్నాను.

రెండు రోజులుగా ఇంట్లో ఒక చోట నిలవలేకపోతున్నాను. ట్రాము ఎక్కి చివరి స్టాపు దాకా పోయి, అదే ట్రాములో వెనక్కి వచ్చాను.

క్షమించాననుకోకు. పోస్టు కార్డు ఖరీదెంత? గొలుసు కన్నా తక్కువే కదా. నా మీద ఉన్నదేదో ఆ జల్లెడకి రివెట్లు కొట్టి చెప్పాడు, వూచ్‌లో ఉన్నదానికి అది ఎలా వినపడుతుంది? నువ్వు కూడా ఒక మాట రాయలేదు. మీ ఇద్దరికీ నాలుకలు ఒకే దుకాణంలో కొన్నారు, అదీ సెకండ్ హ్యాండువి.

ఒకటి చెప్పు. నువ్వు వేదిక మీద ఉంటే బల్ల మీద ఎవరుంటారు?

బ్రోన్కా


ఓల్షోవా,
ఏప్రిల్ మూడో వారం

అక్కా,

అదే నాకూ నిద్ర పట్టనివ్వడం లేదు.

నువ్వు రాసినదంతా చరిత్రలో పెట్టాను. లెషెక్‌కి చూపించలేదు. చూపించనిదే చదవనివ్వనన్నాడు. చూపించాను. చాలాసేపు చదివాడు. ఇది మా తాతల పరువు బాబాయ్ అన్నాడు. వాళ్ళ తాత కూడా ఆ రోజు పోటీలకి పోయిన జట్టులో ఉన్నాడు. చివరికి ఒక మాట అన్నాడు. వేదిక ఎక్కి నువ్వు చదివితే నీ ఇష్టం, నేను అడ్డు రాను. నువ్వు రాకపోతే నా దగ్గరున్న కాగితం నేను చదువుతాను. అందులో కప్పు ఉంది, ఆడవాళ్ళు లేరు.

కాబట్టి వెళ్ళాలి. వెళ్తే షెడ్డు ఖాళీ. వెళ్ళకపోతే చరిత్రలో నువ్వు మళ్ళీ లేవు.

చిన్న వ్యాను తాళం నా జేబులో పెట్టుకున్నాను. నిన్న వాడు అడిగాడు. ఫాదరు నీళ్ళు చల్లేటప్పుడు ఒక్క బండే ఉంటే పక్క ఊళ్ళవాళ్ళు నవ్వరా అన్నాడు. నేను ఇవ్వలేదు.

"ఏం జరుగుతుందని బాబాయ్ నీ భయం?"

"ఏమీ జరగదు."

"మరి?"

"ఆ రోజూ ఇలాగే అనుకున్నారు."

వాడు గేటుని తన్ని వెళ్ళిపోయాడు. కాసేపటికి వెనక్కి వచ్చి, తన్నిన చోట రంగు పోయిందేమో చూసుకున్నాడు. షెడ్డు నేల గుంటలు పడింది, పండగ అయ్యాక కొత్త సిమెంటు పోయిస్తానని చెప్పి పోయాడు.

తాళం ఉంది. మనిషి లేడు. అందరికీ ఊరేగింపు కావాలి. జేబులో తాళం తడుముకుంటూ ఇల్లంతా తిరుగుతున్నాను.

జెనోన్


వూచ్,
ఏప్రిల్ చివర

ఒరే జెనెక్,

పండగ ముందురోజు మధ్యాహ్నం బస్సుకి వస్తున్నాను. స్టాండుకి రావద్దు, నీ మోకాలు నాకు బరువు.

చరిత్ర నువ్వు చదువు. బల్ల మీద నేను కూర్చుంటాను. వ్యాను నడపడం నాకు రాదు. గెనోవెఫా కోడలికి పాల లారీ వచ్చినప్పుడు వ్యాను రాదా? గెనోవెఫాని కూడా రమ్మను, పిడి అవసరమైతే దానికింకా భుజాలున్నాయి. సైరన్ బొత్తాం ఎక్కడుందో, గొట్టం ఎటు బిగించాలో రాత్రి నాకు చూపించు.

లెషెక్‌కి చెప్పు. ఆడవాళ్ళు పంపు పాడుచేస్తారని భయపడొద్దను. ఈసారి జల్లెడకి గొలుసుంది.

బ్రోన్కా


ఓల్షోవా,
మే మధ్యలో

అక్కా,

వెళ్ళేటప్పుడు బస్సు దగ్గర అడిగావు, ఏం చదివావురా అని. షెడ్డు దాకా మైకు హోరు తప్ప మాట వినపడలేదన్నావు. బస్సు కదిలింది. రాస్తున్నాను.

వేదిక ఎక్కాను. బ్యాండువాళ్ళ ఇత్తడి మీద ఎండ పడి కళ్ళలో కొట్టింది. కప్పు వేదిక మీద మేజాపై ఉంది. మొదటి పేజీ పెద్దబాతులు, చెరువు. అది చదివితే ఆఖరికి గొంతు మిగలదని తెలిసింది. పేజీ తిప్పేశాను. ఇంతే చదివాను, నీ పూర్తి పేరుతో:

"ఆ ఏడు ఆగస్టులో మన దళం జిల్లా కప్పు గెలిచింది. అదే రోజు మన ఊళ్ళో తొమ్మిదిళ్ళు కాలాయి. దళం అక్కడ లేదు. గొట్టాలు లేవు, జల్లెడ లేదు. పాత పంపుతో పై వీధినీ ఈ గుడినీ నిలబెట్టింది ఎనిమిది మంది ఆడవాళ్ళు. ముందు పిడి పట్టుకున్నది ఇగ్నాత్సీ కూతురు బ్రోనిస్వావా. పంపుని వాళ్ళు పాడు చేయలేదు. పంపు ఆగిపోయేదాకా కొట్టారు. ఆ తర్వాత దళం ఎక్కడికి పోయినా ఇగ్నాత్సీ షెడ్డుని ఖాళీగా ఉంచలేదు. ఇప్పుడూ ఖాళీగా లేదు."

చప్పట్లు లేవు. జనం తల తిప్పి షెడ్డు వైపు చూశారు. ఇళ్ళు అడ్డం, కనపడదు. అయినా చూశారు. బ్యాండు పెద్దకి ఏం చేయాలో తోచక వాయించడం మొదలుపెట్టాడు. ఫాదరు పెద్ద బండి మీద నీళ్ళు చల్లి, రెండోది ఏదని అడిగాడు. లెషెక్ నా వైపు చూశాడు. తర్వాత, షెడ్డు దగ్గరుంది ఫాదర్, అక్కడ ఉండాల్సిందే, అన్నాడు. ఆ తర్వాత సంగతి నీకు తెలుసు.

సాయంత్రం వాడు నాతో, రెండు పేజీలు రాయమంటే పావు పేజీ చదివావు బాబాయ్ అన్నాడు. కప్పు అటక ఎక్కించబోతే ఇలా ఇమ్మన్నాను. పారబోసిన మేకులు ఏరి తెచ్చి వాడే అందులో పోశాడు. గెనోవెఫా కోడలి చేరిక కాగితం మీద సంతకం పెట్టాడు.

ఫొటో తీశారు. ఈసారి నేనున్నాను. నువ్వు లేవు.

జెనోన్


వూచ్,
మే చివర

ఒరే జెనెక్,

పావు పేజీ నాలుగుసార్లు చదివాను. చాలు. ఎక్కువ రాస్తే రాసింది నువ్వు కాదనుకునేదాన్ని.

ఇప్పుడు నా వైపు చరిత్ర విను, నీ దగ్గర లేని భాగం. ఆ పూట ఏమీ అంటుకోలేదు. గెనోవెఫా కోడలు వ్యానులో కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నమిలింది. గెనోవెఫా కునుకు తీసింది. నాకు కూర్చోబుద్ధి కాలేదు. గొట్టం బిగింపు చూశాను, మళ్ళీ చూశాను. గొలుసు పట్టి లాగాను, ఊడలేదు. జల్లెడ నల్లబడిపోయింది, అందులో ఇప్పుడు ఎవరి ముఖమూ కనపడదు. తోముదామని బూడిద కోసం చూసి, వద్దులే అని వదిలేశాను. గుడి వైపు నుంచి మైకు హోరు వచ్చింది. ఎవరో గొణుగుతున్నట్టుంది, నువ్వే అనుకున్నాను.

అప్పుడు రోడ్డు మీద ఫాదరు వచ్చాడు, పవిత్రజలం బకెట్టు పట్టుకుని, వెనక ఊరంతా. వ్యాను మీద చల్లాడు, పాత పంపు మీద చల్లాడు, మా ముగ్గురి మీదా చల్లాడు. గెనోవెఫా ఉలిక్కిపడి లేచి, ఎక్కడ అంటుకుంది అని అరిచింది. నాన్న అన్న మాట నిజమేరా. దారి తెలుసు ఆ దేవుడికి.

నీకు ఎదురుగా చెప్పనిది ఒకటుంది. వాళ్ళు రాకముందు, ఎట్టకేలకి బల్ల మీద కూర్చున్నాను. కాలు మొదలుపెట్టింది, మడమ నేలకేసి కొట్టుకోవడం. చప్పుడు రాలేదు. వంగి చూశాను. బల్ల ముందు సిమెంటులో ఒక గుంట ఉంది. చెంచా పెట్టి గీకినట్టు నున్నగా, కుడి కాలి దగ్గర. నా మడమ అందులో సరిగ్గా కూర్చుంది. నీకు కూర్చుని కాలు ఆడించే అలవాటు లేదు, ఆ గుంట నీది కాదు. అన్నేళ్ళ పండగలు నాన్న అక్కడ మడమ అలా కొట్టుకుంటూనే ఉన్నాడన్నమాట.

కాలు తీయకుండా చాలాసేపు కూర్చున్నాను.

ఆగస్టులో జిల్లా పోటీలున్నాయని లెషెక్ అన్నాడు. అందరూ వెళ్ళండి, నువ్వు కూడా వెళ్ళు. బల్ల నేను చూసుకుంటాను. వాడికొక్కటి చెప్పు, సిమెంటు పోయిస్తే మిగతా నేలంతా పోయించుకోమను. ఆ గుంట జోలికి రావద్దు.

అక్క,
బ్రోన్కా